సోడియం-పొటాషియం పంపు గారికి

మహారాజశ్రీ సోడియం-పొటాషియం పంపు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరుండేది నా నరకణాల పొరలోనే కాబట్టి మీ క్షేమం విడిగా అడగడం దండగ.

నిన్న రాత్రి మంచినీళ్ల కోసం చీకట్లో లేచి, కాలి చిటికెన వేలు మంచం కోడుకి కొట్టుకున్నాను. ముందు చురుక్కుమంది. పర్లేదులే అనుకునేలోపు సలుపు మొదలైంది. చురుకు మైలిన్ అనే కొవ్వు తొడుగున్న నరాల్లో పరిగెత్తుకొచ్చింది. సలుపు తొడుగు లేని సన్నటి నరాల్లో సెకనుకి మీటరు చొప్పున తాపీగా నడిచొచ్చింది. నరాల్లో సిగ్నల్‌గా పారే ఈ కరెంటు మీద ఎవరికి ఫిర్యాదు చేయాలా అని వేలు పట్టుకుని కూర్చుంటే మీరు గుర్తొచ్చారు.

మీ ఉద్యోగం చూస్తే జాలేస్తుందండీ. మూడు సోడియం అయాన్లను, అంటే ప్లస్ చార్జీ ఉన్న పరమాణువులను, కణంలోంచి బయటికి గెంటాలి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాక్కురావాలి. విడతకో ఏటీపీ, అంటే కణం ఇంధనపు అణువు ఒకటి, ఖర్చు. అటు ట్యాంకు కారుతూనే ఉంటుంది, ఇటు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మోటార్ వేస్తూనే ఉంటాడు. అదీ మీ బతుకు. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు 20 శాతం ఇంధనం తింటోందంటే, ఆ బిల్లులో పెద్ద పద్దు మీదే. నేనేదో తెగ ఆలోచిస్తున్నానని ఇంట్లోవాళ్లు పొరపాటు పడుతున్నారు.

మరి పేరెవరికి? నరకణం ఊరికే ఉన్నప్పుడు లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు. అందులో నేరుగా మీ వాటా నాలుగైదు మించదు. మీరు మోసుకొచ్చిన పొటాషియం ఎప్పుడూ తెరిచుండే సందుల్లోంచి ప్లస్ చార్జీ పట్టుకుని జారుకుంటుంది, లోపల మైనస్ మిగులుతుంది. తెచ్చిన మీకు కాదు, కారిపోయినదానికి కీర్తి!

పొరలో సోడియం దూరే ద్వారాల సంగతి మరీ అన్యాయం. సిగ్నల్ తగిలి లోపలి వోల్టేజి మైనస్ 55 దగ్గరికి రాగానే తెరుచుకుంటాయి. మీరు గెంటేసిన సోడియంలో కాస్త, ఆగిన ఆర్టీసీ బస్సులోకి జనం ఎగబడ్డట్టు దూరుతుంది. మిల్లీసెకను తిరక్కుండానే లోపల ప్లస్ 30 దాటుతుంది, తలుపు మూసుకుంటుంది. ఇంటర్‌లో మా లెక్చరర్ బోర్డు మీద ఈ వోల్టేజి ఎక్కి దిగే గీతని కొండ శిఖరంలా ఎర్ర చాక్‌పీస్‌తో గీశారు. మీరేమో మూలన ఓ సున్నా.

ఆ కొండని స్క్విడ్ అనే సముద్రజీవి నరంలో కొలిచి, 1952లో లెక్కగట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకు 1963లోనే నోబెల్ వచ్చింది. పాపం హక్స్‌లీ ఆ లెక్కలు చేతితో తిప్పే యంత్రం మీద చేశారు, ఇవ్వాల్సిందే. మిమ్మల్ని పీతల నరాల్లో పట్టుకుని 1957లో ప్రకటించిన డెన్మార్క్ డాక్టర్ స్కౌకి మాత్రం 1997 దాకా రాలేదు. నలభై ఏళ్ల అరియర్స్!

సమ్మె చేద్దామన్నా మీకు దారి లేదు. స్క్విడ్ నరానికి విషం పెట్టి మిమ్మల్ని ఆపి చూశారు. సిగ్నళ్లు చాలాసేపు మామూలుగానే నడిచాయి. ఒక్కో సిగ్నల్‌కి పొర దాటే అయాన్లు అంత తక్కువ. మీరు లేరని తెలిసేసరికి మీ టెంటు కింద కుర్చీలు కూడా ఎత్తేసి ఉంటారు.

మా పెదనాన్న రోజూ డిజాక్సిన్ మాత్ర వేసుకుంటారు. గుండె కండరంలో మీ పనిని కాస్త మందగింపజేసే మందది. మీకు రాతపూర్వకంగా సెలవు ఇప్పించింది ఆయన డాక్టరొక్కడే. పెదనాన్న మాత్రం, "ఈ మాత్ర పుణ్యమే, ఆయాసం తగ్గింది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు.

ఇట్లు,
వేలు వాచిన మీ యజమాని