ఏడడుగుల గొట్టం ఉరితాడేం కాదు

తిరుపతిలో సముద్రం లేదు. అయినా వీలు దొరికితే పుదుచ్చేరికో అండమాన్‌కో పోయి స్కూబా డైవింగ్ చేసొచ్చే జట్టు మాది. పోయిన వారం నుంచి మా అందరి ఫోన్లలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) గురించి ఒకటే మెసేజ్: “రెగ్యులేటర్‌కు పొడుగు గొట్టం గుహల్లో దిగేవాళ్లకే. మనం పెట్టుకుంటే మెడకు ఉరి. డ్రిప్పు పైపులో చివరి చెట్టుకు నీళ్లు అందనట్టు గాలి కూడా అందదు. నోట్లోది తీసి పక్కవాడికిస్తే మన గతేంటి?”

డ్రిప్పు సంగతి ముందు తేల్చేస్తా. మామిడితోటలో పైపు వందల అడుగులు, దారి పొడవునా చిల్లులు. ఇక్కడ మొత్తం 7 అడుగులు, చివర ఒకే నోరు. సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ నుంచి వచ్చే గాలి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9-10 బార్లు ఎక్కువతో వస్తుంది. మామూలు రెండున్నర అడుగుల గొట్టానికీ దీనికీ పీల్చేటప్పుడు తేడా తెలియదు.

గుహల మాట సగం నిజం. ఫ్లోరిడా నీటి గుహల్లో, ఇరుకు సందుల్లో ఒకరి వెనక ఒకరు గాలి పంచుకుంటూ బయటపడాలి కాబట్టి ఇది పుట్టింది. అమెరికా గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ పేరు అందుకే చెబుతారు. కానీ గాలి అయిపోవడం గుహల్లోనే జరుగుతుందా?

ఇక నోట్లోది ఇచ్చేయడం. పక్కవాడికి గాలి అయిపోతే పొడుగు గొట్టమున్న మన నోట్లోదే ఇవ్వడం ఈ పద్ధతి. అది పనిచేస్తోందని ఆ క్షణం దాకా పీల్చిన నాకు తెలుసు. పక్కన వేలాడుతూ ఇసుకలో ఈడ్చుకొచ్చిన ఆక్టోపస్ (మామూలుగా పక్కవాడికిచ్చే పసుపురంగు అదనపు నోటిముక్క) గురించి అంత ధీమా ఎవరికుంటుంది? పైగా ఊపిరాడని మనిషి చెయ్యి ముందు పోయేది మన నోటి మీదికే. నాకు రెండోది రెండడుగుల గొట్టంతో, సాగే తాడుకు కట్టి, గడ్డం కిందే ఉంటుంది. తల వంచితే నోటికి అందుతుంది.

ఉరి అంటారా? గొట్టం కుడివైపు నుంచి కిందికి దిగి, నడుము బెల్టులో ఒక మడత దూరి, ఛాతీ మీదుగా ఎడమ భుజం పైకెక్కి, మెడ వెనక నుంచి కుడిపక్కగా నోటికి వస్తుంది. మెడ చుట్టూ పూర్తి చుట్టు లేదు. తల వంచి ముందుకు చాస్తే వచ్చేస్తుంది.

రాకపోవడం కూడా చూశా. మా మిద్దె మీద ప్రాక్టీస్ చేస్తుంటే మా తమ్ముడు లాగి లాగి, “అన్నా, రావడం లేదే!” అన్నాడు. పొడుగు గొట్టం ముందు వేసుకుని, గడ్డం కింది తాడు దాని మీద తగిలించుకున్నాడు. వేసుకునేటప్పుడు తాడు మొదట, పొడుగు గొట్టం ఆఖర్న. కెమెరా తాడైనా దాని మీదికి రాకూడదు. మెసేజ్ రాసినాయన ఇలాంటిదేదో చూసి భయపడి ఉంటే మాత్రం తప్పు పట్టను.

ఒక్క సిలిండర్‌తో దిగే మాబోటి వాళ్లకు 7 అడుగులు తప్పనిసరి కాదు. కుడి చంక కింద నుంచి తిప్పే 5 అడుగులది చాలు, బెల్టులో మడత పెట్టే పనీ ఉండదు. ఏది పెట్టుకున్నా, బోటు మీదే బడ్డీకి, అంటే జతగా దిగేవాడికి చెప్పేస్తా: “గాలి అయిపోతే నా నోట్లోది ఇస్తా, అదే తీసుకో. పసుపురంగు దానికోసం వెతకొద్దు.”