లగ్గుల పాలిటి సుత్తి గారికి

మహారాజశ్రీ సుత్తి గారికి, కారు బ్యాటరీ కేబుల్ నమస్కరించి రాయునది. ఇక్కడ సెల్ఫ్ మోటార్ తప్ప అందరం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. దెబ్బ తినేది ఎప్పుడూ అవతలివాళ్లే కదా.

మేకులు కొట్టుకున్నంత కాలం తమరితో మాకు పేచీ లేదు. మా కొస ఒలిచి, రాగి లగ్గులో (బోల్టుకు బిగించడానికి కన్నం ఉండే గొట్టం ముక్కలో) దూర్చి, ఏ ఇనుప దిమ్మ మీదో పెట్టి, తమరిని పిలుస్తున్నారు చూడండి, గొడవంతా అక్కడుంది. నాలుగు దెబ్బలకు లగ్గు చదునైపోతుంది. ఒకసారి లాగి చూస్తారు, ఊడి రాదు. "గట్టిగా పట్టేసింది" అని సర్టిఫికెట్ ఇచ్చేసి, పైన నల్ల టేపు చుడతారు. పైన పటారం, లోన లొటారం.

అనుమానం ఉన్నవాళ్లను తమరు కొట్టిన లగ్గునొకదాన్ని హ్యాక్‌సా బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ కోతను సన్నటి ఎమరీ పేపర్ మీద రుద్ది చూడమనండి. మధ్యలో మా రాగి పోగులు నలిగి చచ్చి ఉంటాయి. రెండు అంచుల్లో మాత్రం గుండ్రటి పోగులు గుండ్రంగానే, వాటి మధ్య నల్లటి సందులతో కులాసాగా కనిపిస్తాయి. ఆ సందుల్లో ఉన్నది గాలి. గాలి వెంట తేమ, తేమ వెంట పచ్చటి చిలుము. ఇంజిన్ వేడికి, చలికి రాగి సాగుతూ ముడుచుకుంటూ ఉంటే ఆ పట్టు ఇంకాస్త వదులవుతుంది. ఇక సరైన సైజు ఆరు పలకల డై (అచ్చు) వేసి, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కిన లగ్గును కోయండి. పోగులన్నీ ఒకదాన్నొకటి అదుముకుని, గుండ్రతనం పోయి, తేనెపట్టు గదుల్లా కోణాలు తేలి ఉంటాయి. గాలి దూరడానికి సందే ఉండదు.

తేడా బలంలో లేదు స్వామీ. తమరి దెబ్బ ఒక దిక్కునుంచే పడుతుంది, కాబట్టి రాగి పక్కలకు తప్పించుకుంటుంది. డై అన్ని వైపులా మూసేస్తుంది. పైగా దాని నొక్కు ప్రతిసారీ ఒకచోటే ఆగుతుంది. తమరిది ఎక్కడ ఆగుతుందన్నది పట్టుకున్న చేతి మూడ్‌ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాలోంచి 200 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. తమరి అతుకులో 5 మిల్లీఓమ్‌ల అడ్డు ఉంటే చాలు, 12 వోల్టుల్లో ఒక వోల్టు అక్కడే హారతి కర్పూరం. 200 వాట్ల వేడి ఆ చిన్న లగ్గులోనే పుడుతుంది. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడు కలిపినా అంత రాదు. సెల్ఫ్ కొట్టేది క్షణాలే గనుక సరిపోయింది. అదే పెద్ద ఇన్వర్టర్ కేబుల్ అయితే ఆ వేడి అలా పుడుతూనే ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, మామూలు మల్టీమీటర్‌కు ఈ 5 మిల్లీఓమ్‌లు ఆనవు. తీగ తెగిందో లేదో చూసే కంటిన్యూటీ పెడితే కుయ్యిమని తమరికి క్లీన్ చిట్ ఇచ్చేస్తుంది. బ్యాటరీ దగ్గర కొలిస్తే 12.6 వోల్టులు. అంతా శుభమే, బండి మాత్రం కదలదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు బ్యాటరీని మారుస్తారు, తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పుతారు. తమరు టూల్ బాక్సులో హాయిగా పడుకుని ఉంటారు. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మోటార్‌కు ఆ కేబుల్ బిగించిన బోల్టు మీద ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమంటే తమరి బండారం బయటపడేది. అర వోల్టు దాటితే దొంగ ఈ దారిలోనే ఉన్నట్టు.

తమరి బ్యాచ్ గురించి కూడా రెండు ముక్కలు. లగ్గు చిన్నదైతే మా పోగుల్నే కత్తిరించి దూర్చే కటింగ్ ప్లేయర్ గారికి వందనం. "సోల్డర్ పోస్తే సరి" అనే సలహాదారు మరొకరు. ఆ సీసం పోగుల వెంట పైకి పాకి మమ్మల్ని కర్రలా బిగదీస్తుంది. వంగే చోటు, వంగని చోటు కలిసే దగ్గర ఇంజిన్ వణుకుడుకు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. లగ్గును గాడిలో కూర్చోబెట్టి పైన పంచ్ ఉండే హ్యామర్ క్రింపర్ అనే పరికరం ఉంది, దాని నెత్తిన మీరు పడితే అంత అన్యాయం కాదు. దారిలో ఆగిపోయిన బండికి అది చాలు. కానీ హైడ్రాలిక్ టూల్ అద్దెకో అరువుకో దొరికే చోట కూడా తమరే ఎగిరి దూకితే ఎలా?

ఇంకో సంగతి. కేబుల్ క్లాంప్ బ్యాటరీ పోస్టు మీదికి దిగకపోతే ఆ క్లాంప్ నెత్తిన కూడా తమరినే దించుతున్నారని బ్యాటరీ గారు వాపోతున్నారు. లోపల అతుకులు కదిలిపోతున్నాయట. వారి ఉత్తరం విడిగా వస్తుంది.

ఇట్లు,
నాలుగు పోగులు తెగినా ఇంకా డ్యూటీలోనే ఉన్న
35 స్క్వేర్ ఎంఎం కేబుల్