బఫర్ సైజు గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ బఫర్ సైజు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేము క్షేమం కాదు. కంప్యూటర్లో పాట రికార్డు చేసేటప్పుడు ధ్వనిని ఒక్కో విడతకు ఎంత పోగుచేయాలో నిర్ణయించే తమరు మాత్రం 512 దగ్గర కదలక మెదలక క్షేమంగానే ఉన్నారు. కళ్లారా చూస్తూనే ఉన్నాను.

తమ ఆఫీసు పద్ధతి మాకు తెలియనిది కాదు. మైకు దగ్గర్నుంచి సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు, పరుగెత్తుకుంటూ వస్తాయి. తమరు వాటిని వచ్చినవి వచ్చినట్టు లోపలికి పంపరు. 512 కాగితాలు పోగై కట్ట నిండితే గానీ ఫైలు కదలదు. దానికి 10.7 మిల్లీసెకండ్లు. లోపల ప్రాసెసర్ దొరగారి సంతకం అయ్యాక, బయటికి పంపే కౌంటర్లో ఇంకో కట్ట, ఇంకో 10.7. అనలాగ్‌ను డిజిటల్ చేసే చిప్పు, మళ్లీ వెనక్కి మార్చే చిప్పు, యూఎస్‌బీ డ్రైవర్ గుట్టుగా పెట్టుకున్న సేఫ్టీ బఫర్, వీళ్లందరి మామూళ్లూ వేరే. పాడిన పాట తిరిగి పాడినామె చెవికి చేరేసరికి 20 మిల్లీసెకండ్లు దాటి పోతుంది.

సెట్టింగుల్లో మాత్రం ఒక్క కౌంటరు లెక్కే చూపించి చేతులు దులుపుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అసలు లెక్క తేలాలంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, దాని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఓ కేబుల్ గుచ్చాలి. రికార్డింగ్‌ను తనంతట తాను వెనక్కి జరిపే సర్దుబాటును ఆపేసి, ఓ టిక్కు వదిలి, అది ఎన్ని శాంపిళ్ల అవతల వచ్చి పడిందో జూమ్ చేసి చూడాలి. ఈ పని చేసేవాళ్లు తక్కువ. ఇంటర్‌ఫేస్ మార్చేస్తే పోతుందని కొత్తది కొనేవాళ్లే ఎక్కువ.

20 మిల్లీసెకండ్లు ఎంతని తమరు అడగవచ్చు. అంతసేపట్లో ధ్వని గాలిలో దాదాపు 7 మీటర్లు పోతుంది. యాంప్లిఫయర్‌కు 3 మీటర్ల దూరంలో నిలబడి వాయించే గిటారిస్టు ఎలాగూ 9 మిల్లీసెకండ్ల ఆలస్యాన్ని రోజూ భరిస్తున్నాడు, వాడి సంగతి వదిలేయండి. గాయని గతి వేరు. ఆమె గొంతు ఆమెకు ఎముకల గుండా అప్పటికప్పుడే వినిపిస్తుంది. తమరు పంపింది హెడ్‌ఫోన్లో తీరిగ్గా దిగుతుంది. రెండూ కలిసినచోట కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాలుగైదు మిల్లీసెకండ్లకే గొంతు డొల్లగా తోస్తుంది. "అన్నా, నా గొంతు నాకే ఎట్లనో వినిపిస్తోంది" అంటుంది. మైకు మారుస్తారు. హెడ్‌ఫోన్ మారుస్తారు. ఎవరో పరుగున పోయి మిరియాల పాలు పట్టుకొస్తారు. తమరి మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు!

తబలా ఆయన ఇంత మాట్లాడడు. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపేసి నా వైపు ఒక చూపు చూస్తాడు. అంతే.

సరే అని 64కి దించుతాం. కట్టకు 1.3 మిల్లీసెకండ్లు. ఇప్పుడు చిటపటలు మొదలు. దొరగారికి సంతకం పెట్టే తీరిక ఉండదు, కౌంటరు ఖాళీ, స్పీకర్లో టప్పుమంటుంది. అందరూ తమరినే తిడతారు. ఇక్కడ మాత్రం తమ తరఫున సాక్ష్యం చెబుతాను. చాలాసార్లు అసలు దోషి వైఫై డ్రైవర్. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ఎర్రగీతతో సహా దొరికిపోతుంది. వైఫై ఆపేస్తే టప్పు ఆగిపోతుంది. కరెంటు పోయిందంటే ఇంకో తంతు: లాప్‌టాప్ బ్యాటరీలోకి జారుకుని, పొదుపు పేరుతో ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. అంతదాకా 64లో సాఫీగా నడిచిన సెషన్ సరిగ్గా చరణం మధ్యలో తడబడుతుంది. ఇన్వర్టర్ మీద లైటు, ఫ్యాను తిరుగుతూనే ఉంటాయి, లాప్‌టాప్ ప్లగ్గు మాత్రం ఆ లైనులో ఉండదు.

ఇక బ్లూటూత్ ఇయర్‌బడ్స్ జేబులో వేసుకుని డబ్బింగుకు వచ్చే పుణ్యాత్ములు. "యూట్యూబులో పెదాలు బాగానే కలుస్తున్నాయి కదండీ" అంటారు. కలవవా మరి, అక్కడ బొమ్మను కూడా ఆలస్యం చేసి కలుపుతారు. బతికున్న గొంతును అట్లా ఆపి పెట్టడం ఎవడి తరం? వాటిలో 150 మిల్లీసెకండ్లు పోవడం మామూలు. వాటి ముందు తమరు మెరుపువేగం.

అందుకే ఇన్నాళ్లకు మేం దొడ్డిదారి పట్టాం. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని ఓ మీట ఉంటుంది. అది నొక్కితే మైకులో పడ్డ గొంతు తమ ఆఫీసు గడప తొక్కకుండానే హెడ్‌ఫోన్లోకి వెళ్లిపోతుంది. సాఫ్ట్‌వేర్లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపడం మరిస్తే మాత్రం గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. పొడిగా ఉంది, కొంచెం రివర్బ్, అంటే గదిలో మోగినట్టు ప్రతిధ్వని, వేయండి అంటారా, రివర్బ్ ఒక్కటే తమ గుండా పంపుతాం, అసలు గొంతు కలపకుండా. రివర్బ్ 10 మిల్లీసెకండ్లు ఆలస్యమైతే కొంపలేం మునగవు. దానికి ప్రీడిలే అని పేరు పెట్టి మేమే ఎక్కువ చేసుకుంటూ ఉంటాం.

సభల దగ్గరైతే మా నీతి ఇంకా తమాషా. స్టేజి మీద కీబోర్డు వాయించే కుర్రాడు లాప్‌టాప్‌లో స్వరాలు పుట్టించే సింథ్‌కు తమరు 128 దాటితే వేళ్లు బరువెక్కాయంటాడు. అదే మైదానంలో 35 మీటర్ల అవతల అదనపు స్పీకర్లు కట్టి, వాటికి మేమే ఏరికోరి 102 మిల్లీసెకండ్ల డిలే పెడతాం. పెట్టకపోతే అక్కడివాళ్లకు దగ్గరి స్పీకర్ మాట ముందు, స్టేజి మాట తర్వాత, రెండుసార్లు పడుతుంది. ఆలస్యాన్ని తిట్టే నోటితోనే ఆలస్యం అడుక్కుంటాం. తమరికి నవ్వొస్తే తప్పులేదు.

కనుక కోరేదేమిటంటే, రేపు పొద్దున డప్పు బృందం రికార్డింగుకు వస్తోంది. వాళ్లున్నంతసేపు 64లో ఉండండి, వైఫై సంగతి నేను చూసుకుంటాను. వాళ్లు వెళ్లాక మిక్సింగ్‌కి 1024, కాదు, 2048 ఇస్తాను. అప్పుడు కట్టలు ఎంత పెద్దవి కట్టుకున్నా అడిగేవాడు ఉండడు. మాస్టర్ మీద, అంటే అన్ని ట్రాకులూ కలిసేచోట, శబ్దం హద్దు దాటకముందే పసిగట్టి తగ్గించే లుక్‌ఎహెడ్ లిమిటర్ గారు కూడా తమ పక్కనే కుర్చీ వేసుకుంటారు. ఆయనకు ముందుచూపు జాస్తి, ఆ చూపు కోసం మిగతా ట్రాకులన్నీ ఆగాల్సిందే.

ఇట్లు,
హెడ్‌ఫోన్ తీయకుండానే భోంచేస్తున్న మీ విధేయుడు

తా.క.: డ్రైవర్ అప్‌డేట్ వచ్చిందట. రికార్డింగ్ అయ్యేదాకా దాని జోలికి పోవద్దు.