కౌన్సెలింగ్‌లో కూడా ఫస్ట్ ర్యాంకేనా?

"డబ్బులిచ్చి మరీ కబుర్లు చెప్పుకుంటున్నావట్రా?" అని మొన్న పెళ్లిలో బాబాయ్ ఒకాయన నా థెరపీ మీద జోకేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వా. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా. కాస్త పొడుగైంది, ఓపికుంటే చదవండి.

నాది ఇంటర్ హాస్టల్ కేసు. కాలేజీ పేరు అనవసరం. పొద్దున ఐదుకి విజిల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే సోమవారానికల్లా సెక్షన్ మార్చేసేవాళ్లు. పుస్తకాల సంచి భుజానేసుకుని కింది సెక్షన్‌కి పోతుంటే, శనివారం దాకా పక్కన కూర్చున్నవాడు తలెత్తి చూసేవాడు కాదు. ఆదివారం ఇంటికి ఫోను, వెనక లైన్లో పదిమంది. "నాన్నా, నా వల్ల కావట్లేదు" అంటే "రెండేళ్లు ఓర్చుకోరా, తర్వాతంతా హాయే" అనేవాడు. పదిహేనేళ్లైంది. ఇప్పటికీ మేనేజర్ "ఓసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెడితే చాలు, గుండెల్లో దడ, కాళ్లు చల్లబడిపోతాయి.

మొదట వెళ్లిన కౌన్సెలర్ రెండో వారానికే షీట్లు చేతిలో పెట్టాడు. వచ్చిన ఆలోచన రాయండి, దానికి సాక్ష్యం రాయండి, ఆందోళనకి పదికి ఎన్ని మార్కులో వేయండి. నేనేం చేశానో తెలుసా? మూడు రంగుల పెన్నులతో నింపా. ఆయన మెచ్చుకుంటాడని ఆందోళన మార్కులు వారం వారం తగ్గించి చూపించా. దడ మాత్రం ఎక్కడిదక్కడే. ఇలా ఆలోచనల్ని కాగితమ్మీద పెట్టి సరిచూసుకునే పద్ధతిని సీబీటీ అంటారు. దాన్ని తిట్టట్లేదు, ఎంతోమందికి పనిచేసింది. భయాలకి ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం) లాంటి పద్ధతులైతే పరిశోధనల్లో గట్టిగా నిలబడ్డాయి కూడా. కానీ మార్కుల దగ్గరే దెబ్బతిన్నవాడికి మందు కూడా మార్కుల్లోనే కొలిచి పోస్తే, వాడికది ఇంకో వీకెండ్ టెస్టు.

ఇప్పటి థెరపిస్టు దారి వేరు. రిలేషనల్ అంటారు. పాత సంగతులు చెప్పించుకోవడంతో ఆగరు, ఆ గదిలో మా ఇద్దరి మధ్య ఇప్పుడు ఏం నడుస్తోందో కూడా పట్టించుకుంటారు. ఒకరోజు ఆవిడ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు.

"పర్లేదు మేడమ్" అన్నా.

"నిజంగా పర్లేదా?"

"అంటే, ట్రాఫిక్ కదా మేడమ్..."

"నా తరఫున సంజాయిషీ మీరెందుకు ఇస్తున్నారు?"

నోట మాట రాలేదు. ఓ నిమిషం తర్వాత "కోపమొచ్చింది" అన్నా, గొంతు వణుకుతుంటే. "వస్తుంది మరి. తప్పు నాదే, సారీ" అన్నారు. అంతే! పైస్థానంలో ఉన్న మనిషి ముఖం మీదే కోపమొచ్చిందని చెప్పి, ఆ తర్వాత కూడా అదే కుర్చీలో కూర్చుని ఉండటం నా ముప్పై రెండేళ్లలో అదే మొదటిసారి.

తర్వాత చదివితే అర్థమైంది. జెరెమీ సాఫ్రాన్, క్రిస్టఫర్ మురాన్ అనే సైకాలజిస్టులు ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేశారు: థెరపిస్టుకీ వచ్చినవాళ్లకీ మధ్య బీట పడటం, దాన్ని ఇద్దరూ కలిసి పూడ్చుకోవడం. అంతకుముందు 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశాడు. అప్పటిదాకా ఆడించిన తల్లి ఒక్కసారిగా ముఖంలో ఏ భావమూ లేకుండా పసిబిడ్డ ఎదురుగా కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. నాకైతే ఆ ఆదివారం ఫోను గుర్తొచ్చింది. నాన్న చెడ్డవాడు కాదు. అటునుంచి ముఖం కనిపించలేదు, అంతే.

అలాగని రిలేషనల్ అంటే థెరపిస్టు మన ఫ్రెండైపోవడం కాదు. అర్ధరాత్రి వాట్సాప్ కబుర్లు, సొంత గోడు వెళ్లబోసుకోవడం మొదలెడితే లేచి వచ్చేయండి. మా మేడమ్ యాభై నిమిషాలకి మెత్తగానే ఆపేస్తారు, మెసేజ్ పెడితే అపాయింట్‌మెంట్ గురించే జవాబు. ఇంత ఖర్చు అందరికీ కుదరదనీ తెలుసు. ఇలాంటి సుదీర్ఘమైన పనికి అది బదులు కాదుగానీ, కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బాబాయ్‌కి ఇదంతా చెప్పే ఓపిక లేదు. పోయిన బుధవారం రాసుకు రమ్మన్నది రాయకుండానే వెళ్లా. "రాయలేదు మేడమ్" అన్నా, కారణం కూడా చెప్పలేదు. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఆవిడ లేచి ఫ్యాన్ స్పీడు పెంచారు.