చేపల దారికి నాలుగు మెట్లు చాలవు

శ్రీకాకుళం ఇంజనీరింగ్ పిల్లల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "చేపలకు దారి కట్టడం ఇంజనీరింగే కాదు. ఆనకట్టకు నాలుగు మెట్లు పెడితే అవే ఎక్కుతాయి. ఎలాగూ ఏటా చేపపిల్లల్ని వదులుతున్నారు. ఆ నీళ్లు రైతువి. అందులో కెరీర్ లేదు." ఆనకట్ట అడ్డుపడిన చేపలు ఏటికి ఎదురెక్కేలా దారి కట్టడం, పదేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే. ఇందులో ఏ ఒక్క మాటా నిలవదు.

నాలుగు మెట్ల సంగతి చూద్దాం. మెట్టుకీ మెట్టుకీ 30 సెంటీమీటర్ల తేడా ఉంటే నీరు సెకనుకు దాదాపు 2.4 మీటర్ల వేగంతో దూకుతుంది. సాల్మన్ లాంటి బలమైన చేప దాన్ని గెంతి దాటుతుంది, అరచేయంత చేపపిల్ల కొట్టుకుపోతుంది. తేడాను 10 సెంటీమీటర్లకు దించితే వేగం 1.4కి తగ్గుతుంది. కానీ 3 మీటర్ల ఆనకట్టకు 10 మెట్లు కాస్తా 30 అవుతాయి. ఆస్ట్రేలియాలో ముర్రే నది మీద సాల్మన్ కొలతలతో కట్టిన పాత దారులు అక్కడి దేశవాళీ చేపలకు పనికిరాలేదు. 1991లో టొరంబరీ దగ్గర వాలు తగ్గించి, అడ్డుగోడల్లో నిలువు చీలికలతో కట్టాకే దారి కుదిరింది. తర్వాత సముద్రం నుంచి హ్యూమ్ డ్యామ్ దాకా 2,225 కిలోమీటర్ల పొడవునా దారులు కట్టుకుంటూ వెళ్లారు. వాలు, వేగం, లోతు లెక్కకట్టింది ఇంజనీర్లే కదా!

చేపపిల్లల్ని వదలడమంటారా, రిజర్వాయర్లలో వదిలేవి బొచ్చె, శీలావతి లాంటివి. పాములా పొడవుగా ఉండే మలుగు చేప గుడ్లు పెట్టేది సముద్రంలో. దాని పిల్ల ఏటికి ఎదురెక్కి రావాల్సిందే. ఏటి రొయ్యదీ అదే కథ, ఉప్పునీటి మొగలో పుట్టి పైకి వస్తుంది. చిన్నప్పుడు నాగావళికి కొత్తనీరు వచ్చాక రాత్రిపూట ఆనకట్ట మీద టార్చి వేసి చూసేవాళ్లం. గోడ తడి అంచున వేలిగోరంత పిల్లరొయ్యలు బారులు తీరి పాకేవి. నున్నటి సిమెంటు దగ్గరికి రాగానే కాళ్లు జారి నీళ్లలో పడేవి, మళ్లీ మొదలుపెట్టేవి. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక రైతు నీళ్లు. ఈ చేపలు, రొయ్యలు ఎదురెక్కేది ఎక్కువగా వరద రోజుల్లో, గేట్లెత్తి నీటిని సముద్రానికి వదిలేస్తున్నప్పుడు. అప్పుడు ఏ మడీ ఎండదు.

కెరీర్ అంటే, ఈ పేరుతో మన దగ్గర నోటిఫికేషన్ పడదు, నిజమే. కానీ పని కళ్లముందే ఉంది. న్యూజిలాండ్‌లో తూముల్లో తాళ్లు కట్టి చిన్న చేపల్ని పైకి ఎక్కిస్తున్నారు. మనకు ఉద్దానం కొబ్బరిపీచు తాడుంది. అనుమతి దొరికితే ఈ కొత్తనీటికి ఒక గోడ మీద కట్టి చూడాలని ఉంది. రాత్రి కూర్చుని ఎన్ని రొయ్యలు ఎక్కాయో లెక్కపెట్టడానికి సివిల్ పిల్లలు ఎవరొచ్చినా సరే, టార్చిలు నేను తెస్తాను.