కాంక్రీటులో ఫైబర్ ఉంటే చాలదు, ఏ ఫైబరో చూడాలి

1996 నవంబర్ 18న ఇంగ్లిష్ చానల్ కింది సొరంగంలో, లారీలను మోసుకెళ్తున్న రైలుకు నిప్పంటుకుంది. మంటలు ఆరాక చూస్తే సొరంగం లోపలి కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. కొన్నిచోట్ల దాదాపు మందమంతా పోయింది. అది నాసిరకం కాంక్రీటు కాదు, చాలా గట్టిది. ఆ గట్టిదనమే ముప్పు తెచ్చింది.

బలం కోసం నీళ్లు తగ్గించి, సిలికా ఫ్యూమ్ (అతి సన్నని సిలికా పొడి) కలిపితే కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయి. మంట తగిలినప్పుడు లోపలి తేమ ఆవిరవుతుంది కానీ బయటపడే దారి దొరకదు. పైపొర వేడికి సాగబోతే లోపలి చల్లని భాగం సాగనివ్వదు. ఈ రెండు ఒత్తిళ్లూ కలిసి కవర్‌ను, అంటే ఇనుప రాడ్లను కప్పి ఉండే కాంక్రీటు పొరను, పేల్చేస్తాయి. ఇక రాడ్లు నేరుగా మంటపాలే. మన నగరాల్లో ఎం60, ఎం70 వంటి అధిక బలం గ్రేడ్‌ల కాంక్రీటుతో కాలమ్‌లు పోస్తున్నవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు.

దీనికి విరుగుడు కాంక్రీటులో కలిపే పాలీప్రొపిలీన్ మైక్రో ఫైబర్, అంటే సన్నని ప్లాస్టిక్ పోగులు. 160–170 డిగ్రీల దగ్గర అది కరిగి, ఆవిరికి దారి వదులుతుంది. అధిక బలం కాంక్రీటుకు ఘనపు మీటరుకు 2 కిలోలకు మించి వేయాలని యూరోకోడ్ (యూరప్ నిర్మాణ ప్రమాణాలు) సూచిస్తోంది. 18 మైక్రాన్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పోగులైతే కిలోకు సుమారు 36 కోట్లు వస్తాయి. దారులు ఒకదానితో ఒకటి కలవాలంటే అన్ని కావాల్సిందే. అదే బరువుకు లావు పోగులు వేస్తే సంఖ్య పడిపోతుంది, ఫలితమూ పడిపోతుంది.

స్టీల్ ఫైబర్ పని వేరు. అది పగుళ్లను పట్టి ఉంచుతుంది. ఆవిరికి దారి మాత్రం ఇవ్వదు, కాబట్టి ఒక్కటే వేసి పెచ్చులు ఊడవని భరోసా ఇవ్వడం తప్పు. చానల్ సొరంగాన్ని లండన్‌తో కలిపే హైస్పీడ్ లైన్ సొరంగాల్లో ఘనపు మీటరుకు 30 కిలోల స్టీల్, 1 కిలో పాలీప్రొపిలీన్ కలిపి వాడారు. టెండరులో ఉత్త ‘ఫైబర్ కాంక్రీట్’ అని రాసి వదిలేస్తే కాంట్రాక్టరు చవకైనది తెస్తాడు. రకం, మందం, పొడవు, కిలోలు నాలుగూ రాయాలి.

సైట్‌లో తప్పు జరిగేది ఎక్కువగా ఒకచోటే. మైక్రో ఫైబర్ పడగానే స్లంప్ (తడి కాంక్రీటు జారుడుతనం) తగ్గుతుంది, వెంటనే ఎవరో ట్రాన్సిట్ మిక్సర్‌ లారీలో నీళ్లు పోస్తారు. పోయకూడదు. ముందుగా కలిపి చూసే ట్రయల్ మిక్స్‌లోనే సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా జారుడుతనం పెంచే రసాయనం) మోతాదు సరిచూసుకోవాలి. పోగులను ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడతాయి.

అగ్నిప్రమాదం తర్వాత ఫైబర్ బలాన్ని తిరిగి తేదు. కరిగిన పోగుల చోట ఖాళీలే మిగులుతాయి. కొన్ని రకాల కంకరతో పోసిన కాంక్రీటు 300 డిగ్రీలు దాటితే గులాబీ ఛాయకు తిరుగుతుంది, 500 దాటినదాన్ని బలం లెక్కలోంచి తీసేయడం మేలు. ఆ వేడికి విడిపోయిన సున్నం చల్లారాక గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, కొత్త పగుళ్లు పుడతాయి. మర్నాడే కోర్ (కాంక్రీటును తొలిచి తీసే నమూనా) తీసి బాగుందనుకుంటే మోసపోతాం, కొన్ని వారాల తర్వాత మళ్లీ తీయాలి.

ముందుజాగ్రత్త పరీక్షలోనూ మోసపోయే వీలుంది. ఓవెన్‌లో ఎండబెట్టిన క్యూబును (పరీక్షకు పోసే చిన్న కాంక్రీటు దిమ్మను) ఫర్నేసులో మెల్లగా వేడిచేస్తే పేలకపోవచ్చు. సైట్ మిక్స్‌తోనే పలక పోసి, తేమ ఉండగానే, భారం మోపి, ఒకవైపు నుంచి మంట పెట్టి చూడాలి.