సవరణ: స్టెయిన్‌లెస్ బోరింగ్‌లో ఫీడ్ తగ్గించమనడం తప్పు

లేత్ మీద 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కి బోరింగ్ (ఉన్న రంధ్రాన్ని లోపల కోసి పెద్దది చేయడం) చేస్తుంటే చిప్ (కోతలో ఊడే లోహపు ముక్క) తీగలా సాగి బార్‌కి (రంధ్రంలోకి వెళ్లే టూల్ కడ్డీకి) చుట్టుకుంటోందా, ఫీడ్ (ఒక్కో చుట్టుకి టూల్ ముందుకు జరిగే దూరం) తగ్గించండి అని మొన్న రాశాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరి జాబ్ (కోస్తున్న వస్తువు) అయినా పాడైతే క్షమించండి.

ఫీడ్ తగ్గితే చిప్ పలచబడుతుంది. పలచటి చిప్ విరగదు, రిబ్బన్‌లా వంగి సాగిపోతుంది. ఇన్సర్ట్ (బార్ కొసన బిగించే కోసే బిళ్ల) మీద చిప్‌ని విరిచే గాడి ఉంటుంది, ఆ చిప్ బ్రేకర్‌కి పని చేసే అవకాశమే దొరకదు. పైగా 304 రుద్దుకున్నకొద్దీ గట్టిపడే లోహం. తర్వాతి కట్ ఆ గట్టి పొరలోనే పడుతుంది.

కాబట్టి ఇన్సర్ట్ డబ్బా మీద రాసిన హద్దుల్లోనే ఫీడ్ కాస్త పెంచి చూడండి. కట్ లోతు నోస్ రేడియస్ (ఇన్సర్ట్ మొన గుండ్రదనం కొలత) కన్నా తగ్గకుండా చూసుకోండి. 0.8 రేడియస్‌తో 0.3 మి.మీ. కట్ వేస్తే చిప్ సరిగ్గా విరగదు, సన్నటి బార్ అయితే వణుకుతుంది కూడా. ఫినిషింగ్‌కి (చివరి నున్నటి కోతకి) 0.4 లేదా 0.2 రేడియస్ నయం. రఫింగ్‌లో (మొదటి ముతక కోతలో) అప్పటికీ విరగకపోతే, కొన్ని మి.మీ.కి ఒకసారి టూల్ కొంచెం వెనక్కి వచ్చేలా ప్రోగ్రామ్ రాయండి. ఫినిష్ కట్‌లో ఇలా చేయకండి, గీత పడుతుంది.

బార్ లోపలి నుంచి కూలెంట్ (చల్లబరిచే ద్రవం) కొట్టమని మొన్న అన్న మాటలో మార్పు లేదు.

అప్పుడు రాయకుండా వదిలేసింది ఇంకొకటి: చుట్టుకున్న తీగని స్పిండిల్ (జాబ్‌ని తిప్పే భాగం) పూర్తిగా ఆగాకే, కొక్కెంతోనే తీయండి.